బ్రాకెట్లో ఒకటి

ఈ పాపం మీది, పల్లంరాజు గారూ. కమిటీ బల్ల చుట్టూ కూర్చుని తలలూపిన పెద్దలూ, మీదీను. చదవకుండానే ఫార్వర్డ్ కొట్టిన ప్రతి బొటనవేలిదీను. రైతుకి మాట చెప్పాల్సిన కాగితం మీద మిషను తనలో తాను గొణుక్కునే గొణుగుడు అచ్చయినా ఫరవాలేదనుకున్న మంజుషా, నువ్వూ తప్పించుకోలేవు. జబ్బూ జాడ్యం లేని రొయ్యల చెరువు పట్టపగలు ఖాళీ అయిపోయింది. దొంగలు రాలేదు. వైరస్ రాలేదు. వచ్చింది ఒక అంకె. అదీ బ్రాకెట్లో.

ఇప్పుడు ఎవరిని అడిగినా "మాకేం తెలుసండి, రిపోర్టులో అలా వచ్చింది" అంటున్నారు. కాబట్టి మొదటినుంచీ చెప్పాల్సిందే.

ఆ ఉదయం మంజుష వేసుకున్న పథకం చాలా చిన్నది. రిపోర్టు పంపడం, తల్లి హైమను వెంటబెట్టుకుని భీమవరంలో పాసింజరు ఎక్కడం, నిడదవోలులో బండి మారడం, అన్నవరం కొండ మీద వ్రతానికి కూర్చోవడం. కూతురికి ఉద్యోగం వస్తే వ్రతం చేయిస్తానని హైమ ఎప్పుడో మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది గానీ సెలవు రాలేదు. రొయ్యకి ఆదివారం లేదు కదా. ఇన్నాళ్ళకి ఒక్క రోజు దొరికింది.

ఉద్యోగం ఊళ్ళోనే, రొయ్యల రైతుల సొసైటీ ల్యాబులో. తెల్లవారుతూనే అక్కడే పనిచేసే రెబెక్కా మీటరు పట్టుకుని చెరువుగట్లన్నీ తిరిగి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో కొలిచి తెస్తుంది. డిగ్రీలో గణాంకశాస్త్రం చదివిన మంజుష ఆ అంకెలను ఆర్ అనే కంప్యూటర్ భాషలో పెట్టి, లెక్క కట్టి, రిపోర్టుగా చేసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. చెరువులకు పేర్లు లేవు, నంబర్లే. కాలువ మొదట్లో ఉన్నది ఒకటో చెరువు. అది మంజుష మేనమామ సూర్యరాజుది.

ఆ రిపోర్టు ఎలా తయారవుతుందో కాస్త ఓపిక పట్టి వినాలి, గొడవంతా అక్కడే ఉంది. ఒకే ఫైలులో మామూలు తెలుగు వాక్యాలుంటాయి, వాటి మధ్య డబ్బాల్లా కోడు ముక్కలుంటాయి. వాక్యం వాక్యంలాగే అచ్చవుతుంది. కోడు డబ్బా దగ్గరికొచ్చేసరికి మిషను ఆ లెక్క చేసి, జవాబు దాని కింద అచ్చువేస్తుంది. ప్రతి డబ్బా నెత్తినా ఎకో అని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంచితే కోడూ జవాబూ రెండూ కనిపిస్తాయి. ఆపేస్తే కోడు మాయమై జవాబొక్కటే మిగులుతుంది. ఇంకో సంగతి. ఈ మిషనుకి ఒక అలవాటుంది. ఏ జవాబు చెప్పినా ముందు చదరపు బ్రాకెట్లో [1] అని వేసి మరీ చెబుతుంది. 'నా జవాబుల వరుసలో ఇది మొదటిది' అని దాని భావం. ఉన్నది ఒక్క జవాబే అయినా సరే, అది మొదటిదే కదా! అంతకుమించి దానికి అర్థం లేదు. దాన్ని చెరువు నంబరనుకోవడమంటే బోడిగుండుకీ మోకాలికీ ముడివేయడమే.

మరి జవాబు ఏ చెరువుదో రైతుకెలా తెలుస్తుంది? ఆ ముక్క మంజుష కోడు డబ్బాలోనే, లెక్క పక్కన, రోజూ అంకెలు చూసుకుని తెలుగులో రాసేది, "ఆరో చెరువు, పల్లంరాజు గారిది" అన్నట్టుగా. రైతులు ఇంగ్లీషు గీతలను దాటేసి ఆ తెలుగు ముక్క చదివి, కింద అంకె చూసుకుని, చెరువుల మీదికి పోయేవారు. అప్పుడూ ఆ [1] అక్కడే ఉంది. దాన్ని పలకరించినవాడు లేడు.

సొసైటీ అధ్యక్షుడు పల్లంరాజుకి ఆ తెలుగు ముక్కే కంట్లో నలుసైంది. కొన్నాళ్ళుగా ఆయన ఆరో చెరువు నీరసంగా ఉంది. రోజూ పొద్దున్నే "పల్లంరాజు గారిది" అని గ్రూపులో పడుతోంది. ఆ గ్రూపులో రొయ్యలు కొనే విజయ్ పాల్ కూడా ఉన్నాడు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పల్లంరాజు కమిటీవాళ్ళని వెంటేసుకుని ల్యాబుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా మంజుషా, రిపోర్టు బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ ఆ ఇంగ్లీషు పిచ్చిగీతలేంటండి, చీమలు పాకినట్టు? రైతుకి అయ్యన్నీ ఎందుకండి? తీసేద్దురూ."

"అది కోడండి. దాన్ని తీసేస్తే లెక్క జరగదండి."

"కనపడకుండా చెయ్యలేరా?"

"చెయ్యొచ్చండి. ఎకో ఆపేస్తే చాలు. కానీ..."

"కానీలూ అర్ధణాలూ ఎందుకమ్మా ఇప్పుడు! ఆపేసెయ్యండి. జవాబొక్కటుంటే చాలు. కమిటీవాళ్ళందరి మాటా ఇదే, ఆయ్."

కమిటీవాళ్ళు వెనకాల నిలబడి తలలూపారు. దేనికి ఊపుతున్నారో వాళ్ళకి తెలియదు. మంజుష ఆ 'కానీ' తర్వాత చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఇప్పటికీ నిద్దట్లో ఆ వాక్యం పూర్తిచేస్తూ ఉంటుందని హైమ అంటుంది.

తెల్లారింది. మంజుష ఒక చేత్తో జడ వేసుకుంటూ ఒక చేత్తో అన్ని డబ్బాలకీ ఎకో ఆపింది. మిషను గిర్రున తిరిగి రిపోర్టు బయట పెట్టింది. "ఆటో వచ్చేసిందే! నీ కంప్యూటర్ కోసం రైలాగుద్దా?" అని హైమ వీధిలోంచి కేకేసింది. మంజుష రిపోర్టు తెరిచి చూడలేదు. గ్రూపులో పెట్టి చెప్పులేసుకుంది.

గ్రూపులో రైతులకి కనిపించింది ఇది.

ఈ ఉదయం అన్నిటికంటే తక్కువ ఆక్సిజన్
[1] 2.6
అన్నిటికంటే ఎక్కువ అమ్మోనియా
[1] 0.9
ప్రమాదం ఉందా?
[1] TRUE

ఈ మూడూ ఆరో చెరువు సంగతులే. ఆ మాట చెప్పే తెలుగు ముక్క కోడుతోపాటు కొట్టుకుపోయింది. మిగిలిందల్లా ఒకటి, ఒకటి, ఒకటి.

సూర్యరాజు గట్టు మీదే నిలబడి ఫోన్ చూశాడు. కిందటి పంట తెల్లమచ్చ రోగం వచ్చి తుడిచిపెట్టుకుపోయింది. ఈ పంట కూడా తిరగబడితే చెరువు కౌలుకిచ్చేసి, ఎవరి గట్టు మీదో కాపలాకి కుదురుకోవడమే దారి అని భార్య సూర్యావతితో అప్పుడే చెప్పేశాడు. ఆక్సిజన్ మూడుకి దిగువన ఉంటే రొయ్యకి ఊపిరాడదని చెరువుల మీద బతికే పసివాడికైనా తెలుసు.

ఆయన ఒకప్పుడు ఇలా ఫోన్ చూసేవాడు కాదు. నీళ్ళలో దింపిన మేత పళ్ళెం పైకి లాగి, ఒక రొయ్యని అరచేతిలో వేసుకుని, ఎండకి ఎత్తి చూసి, పేగు నిండిందా లేదా, పెంకు బిగువుగా ఉందా లేదా అని చెప్పేసేవాడు. నాలుగూళ్ళవాళ్ళు వచ్చి అడిగేవారు. మేనకోడలు ల్యాబులో చేరినప్పుడు ఊరు నవ్వితే, "మన చేతికి తెలిసేది మన చెరువే, మా మంజు మిషనుకి అందరి చెరువులూ తెలుస్తాయి" అని ఇల్లిల్లూ తిరిగి అందరినీ గ్రూపులో చేర్పించింది ఆయనే. అప్పట్నుంచీ తన చేతిని పక్కన పెట్టేశాడు.

సూర్యావతి మేత పళ్ళెం లాగింది. ఒక రొయ్య ఎగిరి సూర్యరాజు చొక్కా జేబులో పడింది.

"చూసేరా ఎంత హుషారుగా ఉందో! దీనికాండి ఊపిరాడనిది? మీకే ఆడట్లేదు."

"ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ, సూర్యావతీ."

"మేతంతా తినేశాయండి. పళ్ళెం నాకేసినట్టుంది."

"నా కళ్ళకి వయసైపోయింది. మిషనుకి అవ్వలేదు కదా. మూడుసార్లు చెప్పింది, ఒకటి, ఒకటి, ఒకటి అని. చివర్న ట్రూ అని కూడా అంది. అది కూడా అబద్ధమంటావా?"

ఈలోగా పల్లంరాజు బండి దిగాడు. ముఖంలో విచారం నిండా ఉంది గానీ, దాని కింద సంతోషం దాగలేక దాగలేక దాగుతోంది. ఇన్నాళ్ళూ తన చెరువు నెత్తిన కూర్చున్న శని ఒక్క రాత్రిలో కాలువ వెంట నడిచి ఒకటో చెరువుకి పోయిందని ఆయనకి అర్థమైంది.

"బెంగ పెట్టుకోకండి రాజు గారూ. నా ఏరేటర్లు పట్టుకొచ్చేయండి. నాకిప్పుడు వాటితో పనేముందండి, ఆరో నంబరు ఊసే లేదు రిపోర్టులో. మనిషికి మనిషి సాయం లేకపోతే ఎలాగండి!"

ఏరేటర్లంటే నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు. ఆరో చెరువుకి ప్రాణం పోస్తున్నవి అవే. వాటిని పీకి ట్రాక్టర్ మీదేసి ఒకటో చెరువుకి తెచ్చారు. మిగతా రైతులు కూడా తలో చక్రం ఇచ్చారు, ఇచ్చినవాళ్ళు ఇచ్చినట్టే, ఇదీ తెల్లమచ్చేనేమోనని, వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కున్నారు. ఎవరో ఒకటో చెరువుకొచ్చే దారికి అడ్డంగా సున్నంతో గీత గీశారు. ఆ గట్టు తొక్కిన కాళ్ళతో ఎవరూ తమ గట్టెక్కకూడదని మాట. పాలవాడు క్యాను గీత దగ్గరే దించి ఈల వేశాడు. సూర్యావతి గీత దాకా వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మా ఇంట్లో ఎవరన్నా పోయేరా ఏంటండి, అందరూ దూరం నుంచే పరామర్శిస్తన్నారు?"

ఒకాయన ఇంకొంచెం సున్నం చల్లాడు.

సూర్యరాజు మేనకోడలికి ఫోన్ చేశాడు. అప్పటికి రైలు తణుకు దాటింది. మంజుష కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతోంది. పెట్టెలో అటు చంటిపిల్ల ఏడుపు, ఇటు పల్లీలవాడి అరుపు.

"అమ్మా మంజూ, రిపోర్టు ఒకటి అంటోందమ్మా!"

బ్రాకెట్లో ఉన్న అంకె సంగతి అడుగుతున్నాడనుకుంది మంజుష. నవ్వొచ్చింది. "అదా మావయ్యా! అది ఎప్పుడూ ఉండేదే. ఇన్నాళ్ళూ మీరు చూడలేదంతే."

సూర్యరాజు ఫోన్ని చెవికి అదుముకున్నాడు. "ఎప్పట్నుంచీ ఉంది?"

"మొదటిరోజు నుంచీ ఉంది."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"చెప్పేంత సంగతేముంది మావయ్యా అందులో? ఆ ఒకటిని వదిలేయండి. దాని తర్వాత ఉన్నదే మనం చూసుకోవాల్సింది."

దాని తర్వాత ఉన్నది రెండో చెరువు. సూర్యరాజు దానివంక ఒకసారి చూశాడు. పెద్ద ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి కళ్ళజోడు తీస్తే చుట్టాలు ఎలా చూస్తారో అలా నిలబడ్డాడు. "వదిలేయమంటావా తల్లీ? ఇంకేం చెయ్యలేమా?"

"ఏం చెయ్యక్కర్లేదు మావయ్యా. అసలు దాన్ని పట్టించుకోకండి!"

సరిగ్గా అప్పుడే రైలు కాలువ వంతెన ఎక్కింది. "అసలు దాన్ని పట్టించ..." అన్నది సూర్యరాజు చెవిన పడింది. తర్వాత ధడధడ. తర్వాత "...ండి!" అని వినిపించి లైను తెగిపోయింది.

మాటకి నడుం విరిగిపోయి తలా తోకా అతుక్కున్నాయి. వేరే ఊళ్ళో అయితే దీనివల్ల ప్రమాదం లేదు. చెరువుల నేల మీద మాత్రం 'పట్టించండి' అంటే ఒకటే అర్థం. వల దింపి, చెరువులో ఉన్న రొయ్యనల్లా పట్టించేయమని.

వెంటనే విజయ్ పాల్‌కి కబురెళ్ళింది. ఐసు వ్యానూ, వలలూ, మనుషులూ గీత దాటుకుని వచ్చేశారు. విజయ్ పాల్ మొదటి వల చూసి నొసలు చిట్లించాడు. కొనేవాడు సరుకుని తిట్టడం మామూలే గానీ, ఆ రోజు అతను తిట్టలేదు.

"రాజు గారూ, ఇయ్యి ఇంకా చంటిపిల్లలండి. కిలోకి వందపైనే తూగుతాయి. ఇంకో నెలాగితే కిలోకి అందులో సగం కూడా పట్టవు, అంత లావవుతాయి. నా మాటిని ఉంచెయ్యండి. కొనేవోణ్ణి నేనే చెబుతున్నాను కదా!"

"మా మంజు చెప్పింది, పాల్. వదిలేయమంది. పట్టించమంది. రెండుసార్లు చెప్పింది."

"ఆ పిల్లని ఇంకొక్కసారి అడగండి," అంది సూర్యావతి. "మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి."

అడిగాడు. ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. ఎందుకంటే వంతెన దాటగానే హైమ కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కుని, వ్రతం చీర మడతల్లో పెట్టి సంచి జిప్పు బిగించింది. "స్వామి దగ్గరికెళ్తూ కూడా రొయ్యల గోలేనా!" అంది. ఆమె అన్నయ్య ఫోనే అందులో మోగుతోందని ఆమెకి తెలియదు.

ఒకటో చెరువులో వల పడటం చూసి గట్లన్నీ కదిలిపోయాయి. రెండో చెరువాయన వల తెప్పించాడు. మూడో చెరువాయన విజయ్ పాల్ కాలరు పట్టుకున్నాడు. "నాదీ పట్టేయ్!" అంటే "నాదీ!" అన్నారు. "ఒకటికొచ్చిందంటే రేపు రెండుకొస్తది, ఎల్లుండి మూడుకొస్తది, వరసే కదండి!" అని ఒకాయన వేళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పాడు. అందరూ ఒక్కసారే అమ్ముతామంటే కొనేవాడికి లోకువ. విజయ్ పాల్ కూడా ఎంత మంచివాడైనా వ్యాపారే. ఐసు లేదన్నాడు, వ్యాన్లు లేవన్నాడు, రేటు కూడా లేదన్నాడు. అందరి మధ్యా సూర్యరాజు సరుకు మట్టిధరకి వెళ్ళిపోయింది.

ఆరో చెరువు సంగతి ఎవరికీ గుర్తులేదు. మబ్బు పట్టిన రోజు. గాలి లేదు. చక్రాలు లేవు. రెండో దఫా కొలతకి వెళ్ళిన రెబెక్కాకి గట్టు మీదికెళ్ళేసరికి నీళ్ళ మీద నల్లగా ఏదో కదులుతూ కనిపించింది. ఊపిరి కోసం రొయ్యలన్నీ పైకొచ్చేశాయి. కాకులు అప్పటికే బంధువుల్లా దిగాయి.

నిడదవోలు ప్లాట్‌ఫారం మీద సంచి మళ్ళీ మోగింది. మంజుష తల్లి మాట వినకుండా జిప్పు లాగింది.

"మంజూ, ఆరులో రొయ్యలు తేలిపోతన్నాయి! ఏరేటరు ఒక్కటంటే ఒక్కటి లేదిక్కడ!" అంటోంది రెబెక్కా.

"ఆరులోంచి ఏరేటర్లు తీశారా? పొద్దున రెండు పాయింట్ ఆరు వచ్చింది దానికే కదా!"

"నీ రిపోర్టులో ఒకటనేసేవు కదే! అన్నీ పట్టుకెళ్ళి ఒకటిలో పెట్టేరు. పెట్టి మీ మావయ్య గారు చెరువు పట్టించేస్తన్నారు."

"పట్టించేస్తున్నారా? ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పేవంట."

మంజుష అప్పుడు, అక్కడ, సిమెంటు బెంచీ మీద కూర్చుని తన రిపోర్టు మొదటిసారి తెరిచి చూసింది. ఏ అమ్మా చేయని పని, వండి వడ్డించి తర్వాత రుచి చూసింది. తెల్లటి కాగితం. శుభ్రంగా ఉంది. పల్లంరాజు అడిగినట్టే చీమలు లేవు, గీతలు లేవు. ఎవరి చెరువో చెప్పే ముక్క లేదు. ఆ [1] మాత్రం నిక్కచ్చిగా నిలబడి మేనమామ ఇంటివైపు వేలు చూపిస్తోంది. ఆ వేలు పెట్టింది తనే. మిషను తనకోసం చెప్పుకున్న మాట అది. దాన్ని తీసుకెళ్ళి ఊరిచేత చదివించింది.

"బండొచ్చే టైమైంది," అంది హైమ. కూతురు మొహం చూసి ఆగింది. "ఏంటే?"

"అమ్మా, మావయ్య చెరువు నావల్ల పోయింది."

హైమ మరో మాట అడగలేదు. సంచి భుజానికేసుకుంది. "స్వామి ఎక్కడికీ పోడు. పద, అన్నయ్య దగ్గరికి పోదాం," అంది.

వాళ్ళు వచ్చేసరికి పొద్దు వాలింది. వ్యాన్లు వెళ్ళిపోయాయి. ఒకటో చెరువు అడుగు కనిపిస్తోంది. అరువు చక్రాలన్నీ బురదలో ఒకవైపుకి ఒరిగి పడి ఉన్నాయి. సూర్యరాజు గట్టు మీద కూర్చుని లుంగీకి అంటిన బురద గీకుతున్నాడు. మేనకోడల్ని చూడగానే జరిగి చోటిచ్చాడు.

"నువ్వు చెప్పినట్టే చేసేనమ్మా. ఒక్కటి కూడా చావకుండా బయటికి తీసేం," అన్నాడు.

"మావయ్యా, నేను పట్టించమనలేదు. పట్టించుకోకండి అన్నాను."

ఆయన ఆ రెండు మాటల్నీ నోట్లో తిప్పుకుని చూశాడు. "ఓహో. మధ్యలో కోక పోయిందన్నమాట."

"కోకా పోయింది, పంటా పోయింది," అంది సూర్యావతి వెనకనుంచి. "రొయ్య ఎగిరి జేబులో పడి మరీ చెప్పిందే నేను బాగున్నానని! దానికి ఇంగ్లీషు రాకపోబట్టి చచ్చింది."

"ఊరుకో," అన్నాడు సూర్యరాజు. "పిల్ల వ్రతం మానుకొచ్చింది."

తిడితే బాగుండునని మంజుషకి అనిపించింది. ఆయన తిట్టలేదు. సూర్యావతిని ఇంట్లోకెళ్ళి కాఫీ పెట్టమన్నాడు.

మర్నాడు సొసైటీలో మీటింగు. ఆరో చెరువులో సగం పోయింది కాబట్టి పల్లంరాజు మొహం ఈసారి నిజంగానే విచారంగా ఉంది. మంజుష లేచి నిలబడి దాచకుండా అంతా చెప్పింది. ఎకో ఆపితే తెలుగు ముక్కా పోతుందని తెలిసీ చెప్పలేదనీ, పంపేముందు చూడలేదనీ, [1] అంటే చెరువు కాదనీ చెప్పింది. "ఇకనుంచి ప్రతి అంకె ముందూ చెరువు నంబరూ, ఎవరిదన్న పేరూ తెలుగులో వేస్తానండి. ఒక్క వరుస మార్చితే చాలు. ఆ బ్రాకెట్ అసలు రాకుండా చేస్తాను," అంది.

"పేర్లా?" పల్లంరాజు కుర్చీలో కదిలాడు. "పేర్లు ఒద్దమ్మా. ఎవరి చెరువు నీరసంగా ఉందో కొనేవాడికి మనమే చెప్పుకుంటామేంటండి?"

"పోనీ నంబర్లే వేస్తానండి."

"నంబరేసినా పేరేసినా ఒకటే కదమ్మా!"

'ఒకటే' అనగానే కమిటీ మొత్తం ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటులోంచే తీర్మానం పుట్టింది. "మిషనుకి ఒకటంటే అంత ఇష్టమైనప్పుడు దానితో మనకెందుకండి గొడవ? కంప్యూటర్ని మార్చలేం, నంబర్లు మనవే. ఒకటో నంబరు రద్దు చేసేద్దాం!" అన్నాడు పల్లంరాజు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పదకొండో నంబరు చెరువుని ఏనాడో పూడ్చి ఇళ్ళస్థలాలు చేశారు, ఆ నంబరు ఖాళీగా ఉంది. దాన్ని సూర్యరాజుకి ఇచ్చారు. ఇకమీదట పేర్లూ నంబర్లూ లేకుండా అన్ని చెరువుల ఆక్సిజనూ కాలువ వరసలో ఒకదాని పక్కన ఒకటి వేసేయాలి, ఎవరి చెరువు ఎన్నోదో వాళ్ళే లెక్కపెట్టుకోవాలి. ఒకటో నంబరు చెరువే లేదు కాబట్టి ఇక ఏ రైతుకీ ప్రమాదం లేదు. చప్పట్లు కొట్టారు. సూర్యరాజు కూడా కొట్టాడు.

మంజుష ఏమంది? "కానీ..." అంది. అందరూ ఆమెవైపు తిరిగారు. నిన్న ఇంత చేసిన పిల్ల ఇవాళ మళ్ళీ కానీ అంటోందే అన్నట్టు చూశారు. ఆమె తలూపింది. తప్పు చేసినవాళ్ళకి వచ్చే చెడ్డ రోగం ఇదే. సిగ్గుతో, నిజం చెప్పే హక్కు కూడా పోయిందనుకుంటారు.

మరుసటి ఉదయం రిపోర్టు తయారైంది. ఈసారి మంజుష తెరిచి చూసింది. ముందు [1] ఉంది. ఉంటే ఉండనీ, ఆ నంబరు చెరువే లేదు కదా అనుకుంది. అంతవరకే చూసింది. ఫోన్ తెరకి సరిపడేలా వరసకి పది అంకెలు పట్టేట్టు పెట్టింది. ఎండిపోయిన సూర్యరాజు చెరువు పోగా కొలిచినవి పన్నెండు. మిగిలిన రెండూ రెండో వరసలోకి దిగాయి. వరస మారినప్పుడల్లా ఈ మిషను, అక్కడ మొదలయ్యేది ఎన్నో జవాబో బ్రాకెట్లో చెబుతుంది. పది అయ్యాక వచ్చేది ఎంత? రెండో వరస ఇలా మొదలైంది.

[11] 4.4 2.9

నిమిషంలో ఫోన్ మోగింది.

"అమ్మా మంజూ," అన్నాడు సూర్యరాజు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "పదకొండు అంటోందమ్మా."

"మావయ్యా! మీ చెరువులో నీళ్ళే లేవు!"

"అదే చూస్తన్నాను. మధ్యలోనే నిలబడ్డాను. బురదే ఉంది. కానీ నాలుగు పాయింట్ నాలుగు అంటోంది, రెండు పాయింట్ తొమ్మిది అంటోంది. మన కంటికి ఆనదేమో." వెనకాల సూర్యావతి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పట్టించమంటావా?"

రొయ్యని అరచేతిలో పెట్టుకుని దాని పేగు చూసి చెప్పగలిగిన మనిషి. తన చెరువులో నీళ్ళున్నాయో లేవో ఇప్పుడు మేనకోడల్ని అడుగుతున్నాడు. పంట పోతే ఇంకో పంట వేసుకోవచ్చు. ఆ చెయ్యి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

పల్లంరాజు గారూ, ఆ తీర్మానం ఇవాళే చింపేయండి. మీ పరువు కోసం ఊరి కళ్ళకి గంతలు కట్టే అధికారం మీకెవరూ ఇవ్వలేదు. కమిటీ పెద్దలూ, తెలియని దానికి తలూపడం మానండి, మెడనొప్పి కూడా తగ్గుతుంది. మంజుషా, ఎవరు కుర్చీ లాక్కుని కూర్చున్నా సరే, ఈ అంకె ఫలానావారి చెరువుది అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయి. మిషను గొణుగుడు మిషను దగ్గరే ఉంచు. పంపేముందు చెరువులో దిగే మనిషి ఒకరిచేత చదివించు, అతనికి ఏమర్థమైందో నోటితో చెప్పించుకో, అప్పుడు పంపు. ఆ 'కానీ' తర్వాత మాట ఇప్పుడు చెప్పు.

ఇవేవీ మీవల్ల కాకపోతే, సూర్యరాజు గారికి బ్రాకెట్‌కి అందని నంబరొకటి వెతికిపెట్టండి.